ఎడారి నగరం, అరువు నీరు

పార్లమెంటు బడ్జెటు సమావేశాల మలివిడత సాధారణంగా మార్చి నెలలో ఆరంభమవుతుంది. ఇంచుమించు ఆ రోజులలోనే పశ్చిమ రాజస్థానానికి చెందిన సభ్యుల నోట ‘నహర్‌బందీ’ అనే మాట వినిపించడం మొదలవుతుంది. నహర్ అంటే కాలువ. బందీ అంటే మూసివేత. పంజాబులోను, రాజస్థానంలోను కాలువ గట్లకు మరమ్మతులు చేయడానికి ప్రతి వసంతంలోను ఇందిరాగాంధీ కాలువకు కొన్ని వారాలపాటు నీరు ఆపివేస్తారు. సేద్యగాండ్రకు ఇది అంత పెద్ద విఘాతం కాదు. అప్పటికి రబీ పంట చేతికి వచ్చి ఉంటుంది. కాని ఆ కాలువపైననే దాహం తీర్చుకొనే నగరాలకు అది అగ్నిపరీక్ష. ఆ నగరాలలో పెద్దది జోధ్‌పూర్.

2011 జనగణన ప్రకారం జోధ్‌పూర్ నగరపాలక సంస్థ పరిధిలోని జనసంఖ్య 10 లక్షల 33 వేలు. 2021లో జరుగవలసిన జనగణన ఆ సంవత్సరం జరుగనే లేదు గనుక ఆ తరువాతి సంఖ్యలన్నీ అంచనాలే. 1951లో ఈ నగరంలో ఉన్నవారు లక్షా 80 వేల మంది. 1971 నాటికి 3 లక్షల 17 వేలు, 1981 నాటికి 5 లక్షల 6 వేలు, 2001 నాటికి ఎనిమిదిన్నర లక్షలు. అరువది సంవత్సరాలలో జనం సుమారు ఆరు రెట్లయినారు. వర్షపాతం మాత్రం రావ్ జోధా నాడు ఎంతో ఈనాడూ రమారమి అంతే: సగటున ఏడాదికి 36 సెంటీమీటర్లు. అదికూడ సగటు మాత్రమే. మార్వాడులో సగటు వర్షం కురిసే సంవత్సరాలకన్న కురవని సంవత్సరాలే జనానికి ఎక్కువ జ్ఞాపకం.

ఈ నగరం పుట్టుకలోనే నీటికొరత కథ ఒకటి ఉన్నది. 1459లో రావ్ జోధా తన రాజధానిని మండోర్ నుండి మార్చి, కొండపై మెహ్రాన్‌గఢ్ కోటకు శంకుస్థాపన చేసినపుడు, ఆ కొండపై తపస్సు చేసుకొంటున్న చిడియానాథుడనే సన్యాసిని అక్కడినుండి లేపివేశారట. ఆయన తన ధుని నిప్పులను ఉత్తరీయంలో మూటగట్టుకొని వెళ్లిపోతూ, ఈ కోటకు నీటి ఎద్దడి తప్పదని శపించాడట. చరిత్రకారుడికి ఇది పనికిరాకపోవచ్చు గాని, ఇంజనీరుకు పనికివస్తుంది. సన్యాసి ఉన్నచోట నీటి ఊట ఒకటి ఉన్నదని, దానికోసమే ఆయనను కదిలించారని కూడ కథలో చెబుతారు. నీటిపై మొదటి హక్కు ఎవరిదన్న ప్రశ్న జోధ్‌పూర్‌లో ఆనాడే పుట్టినది. ఇంకా తెగలేదు.

శాపం మాట ఎలా ఉన్నా, జోధా వంశీయులు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. కోట పాదాన రాణీసర్, పద్మసర్ చెరువులు వెలిసినవి. నగరానికి ఉత్తరాన బాల్‌సమంద్ అప్పటికే మూడు శతాబ్దాల పాతది. పదునెనిమిదవ శతాబ్దంలో తూర్‌జీ కా ఝాలరా అనే మెట్లబావి, గులాబ్ సాగర్ చెరువు తయారైనవి. ఈ రెండూ రాజాంతఃపుర స్త్రీలు కట్టించినవే కావడం గమనింపదగినది. 1872లో కాయలానా జలాశయం ఏర్పడినది. రాతి కొండలపై పడిన వానచుక్క ప్రతిదీ ఏదో ఒక చెరువుకు చేరేటట్లు కొండల నడుమున కాలువలు తవ్వారు. చెరువు క్రింద మెట్లబావి, మెట్లబావి క్రింద బావి. పైదానిలోనుండి ఇంకిన నీరు క్రిందిదానిలో ఊరుతుంది. ఇళ్లలో వాననీటిని నిలువచేసుకొనే నేలమాళిగ తొట్లు, అంటే ‘టాంకాలు’ ఉండేవి. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు మొదట నేర్చుకొనేది నీరు ఎట్లా వాడాలన్నదే. స్నానం చేసిన నీటితో బట్టలు, బట్టల నీటితో చెట్లు. ఢిల్లీలో పైపు విప్పి కారు కడిగే పెద్దమనుషులను చూసినప్పుడల్లా ఈ కోడళ్లు జ్ఞాపకానికి వస్తారు.

ఈ ఏర్పాటు లక్షలోపు జనానికి సరిపోయేది, కరువు రానంతవరకు. విక్రమ శకం 1956లో, అనగా క్రీస్తు శకం 1899-1900లో వచ్చిన కరువును మార్వాడు ప్రజలు ఇప్పటికీ ‘ఛప్పనియా’ అని పిలుస్తారు. మనవారికి ధాత కరువు ఎటువంటిదో, వారికి ఛప్పనియా అటువంటిది. ఆ తరువాత 1929లో మహారాజా ఉమేద్‌సింగ్ తన కొత్త రాజభవనానికి పునాది వేసినప్పుడు కూడ, కరువు బాధితులకు పని కల్పించడానికే కట్టిస్తున్నామన్నారు. 1943లో అది పూర్తి అయినది. కరువు పనికి రాజభవనం ఎంతవరకు తగినదో పాఠకులే నిర్ణయించుకోవచ్చు. ఆ మహారాజే 1946లో, నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంలో పాలీ ప్రాంతంలోని జవాయి నదిపై ఆనకట్ట పని ఆరంభించారు. రాజస్థాన్ రాష్ట్రం ఏర్పడిన తరువాత 1957లో అది ముగిసినది. జోధ్‌పూర్ ఇతరుల నీటిపై ఆధారపడడం దానితోనే మొదలైనది.

స్వాతంత్ర్యానంతరం నగరం పెరిగిన తీరు అన్ని చిన్న రాజధానుల తీరే. హైకోర్టు వచ్చినది, సైన్యం వచ్చినది, వైమానిక స్థావరం విస్తరించినది. ఎడారి సమస్యల పరిశోధనకు 1959లో కేంద్ర శుష్కమండల పరిశోధనా సంస్థ వెలిసినది. దేశ విభజన నాడు సింధు ప్రాంతంనుండి వచ్చినవారు, అటుపిమ్మట సరిహద్దు దాటివచ్చిన శరణార్థులు ఇక్కడ స్థిరపడ్డారు. రాతిగనులు, బట్టల అద్దకం, తరువాతి కాలంలో కొయ్యసామాను ఎగుమతి వేలాది మందికి కూడు పెట్టినవి. వర్షం లేని ప్రతి సంవత్సరం పల్లెలనుండి మరికొన్ని వేలమంది పట్నానికి వచ్చి చేరేవారు. ఇందులో ఒక వైపరీత్యం ఉన్నది. నీరులేకనే జనం పల్లె విడుస్తారు. విడిచి వచ్చి, నీరులేని నగరంలోనే కుళాయి ముందు నిలబడతారు.

నగరం పెరిగినకొద్దీ చెరువులకు నీరు తెచ్చే కొండకాలువలు తెగిపోయినవి. పరీవాహక ప్రాంతాలను రాతిగనులు తవ్వివేసినవి. మిగిలినచోట కాలనీలు లేచినవి. మెట్లబావులలో చెత్త పోశారు. 1985 కరువులో జవాయి ఎండిపోయి గత్యంతరం లేనపుడు, అదే చెత్తను తోడివేసి, ఆ పాత బావుల నీటినే మళ్లీ తాగవలసి వచ్చినది. వానలు పడిన మరునాడు ఆ సంగతి మరచిపోయారు.

ఇక కాలువ సంగతి. హిమాలయ నదుల నీటిని థార్ ఎడారికి మళ్లించవచ్చునని 1948లో ప్రతిపాదించినవారు బికనేర్ సంస్థానపు చీఫ్ ఇంజనీరు కన్వర్ సేన్. అంతకు పూర్వమే 1927లో మహారాజా గంగాసింగ్ సట్లెజ్ నీటిని గంగ్ కాలువ ద్వారా బికనేర్ ఉత్తర భాగానికి తెచ్చి ఉన్నారు. 1958 మార్చి 31వ తేదీన కేంద్ర హోంమంత్రి గోవింద వల్లభ పంత్ రాజస్థాన్ కాలువకు శంకుస్థాపన చేశారు. సట్లెజ్, బియాస్ నదులు కలిసే హరికే వద్దనుండి 204 కిలోమీటర్ల పోషక కాలువ. దాని తరువాత 445 కిలోమీటర్ల ప్రధాన కాలువ. తలదగ్గర ప్రవాహశక్తి 18,500 క్యూసెక్కులు. తరువాత దానికి ఇందిరాగాంధీ పేరు పెట్టారు. 1987 జనవరి 1వ తేదీన జైసల్మేర్ జిల్లాలోని మోహన్‌గఢ్ వద్ద కాలువ చివరకు నీరు చేరినది. శంకుస్థాపనకు, చివరి చుక్కకు నడుమ దాదాపు ఇరవైతొమ్మిదేళ్లు. మన ప్రాజెక్టుల వయస్సు తెలిసిన తెలుగు పాఠకులకు ఇది పెద్ద విడ్డూరంగా తోచదు.

ఈ కాలువకు బియాస్ నీటిని నిలువచేసి ఇచ్చేది హిమాచల్ ప్రదేశ్‌లోని పోంగ్ జలాశయం. దాని నిర్మాణం చాలవరకు సాగిన కాలంలో కేంద్ర నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖ మన డాక్టర్ కె.ఎల్. రావుగారి చేతిలో ఉన్నది. 1974లో అది పూర్తి కాగా కాంగ్రా లోయలో ఇరవై వేలకు పైబడిన కుటుంబాలు నిర్వాసితమైనవి. దేవదారు గాలులలో పుట్టి పెరిగినవారికి ఎడారిలో, ఆ కాలువ క్రిందనే, భూములిస్తామన్నారు. కొందరికి ఇచ్చారు, కొందరికి ఇచ్చినట్లు కాగితాలలో ఉన్నది, కొందరి భూములు అన్యాక్రాంతమైనవి. వారి తరువాతి తరంవారు ఇప్పటికీ కచేరీల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. జోధ్‌పూర్ కుళాయిలో వచ్చే నీటి ఖరీదును లెక్కవేసే ఆడిటర్లు ఈ పద్దును ఎక్కడ వ్రాస్తారో తెలియదు.

మొదట ఇది సేద్యానికై తలపెట్టిన కాలువ. తాగునీరు అనుబంధ ప్రయోజనం మాత్రమే. కాని బికనేర్, జోధ్‌పూర్, జైసల్మేర్, బార్మేర్, నాగౌర్ వంటి పట్టణాల దాహం ఏటేటా పెరిగినది. భూగర్భజలం చాలచోట్ల ఉప్పన. నాగౌర్ ప్రాంతంలో ఫ్లోరిన్ వల్ల మనుషులు వంగిపోయిన పల్లెలు ఉన్నవి. నల్లగొండ పరిసరాలను ఎరిగినవారికి ఆ దృశ్యం వర్ణించి చెప్పనక్కరలేదు. అందువల్ల రాజీవ్‌గాంధీ ఎత్తిపోతల కాలువ తవ్వి, ప్రధాన కాలువనుండి 176 కిలోమీటర్ల దూరం, ఎనిమిది చోట్ల పంపులతో పైకి ఎత్తుతూ, 1990 దశకం మధ్య భాగం దాటిన తరువాత జోధ్‌పూర్‌కు నీరు తెచ్చారు. హరికేనుండి కాయలానా వరకు లెక్కిస్తే నీటి ప్రయాణం రమారమి ఏడు వందల కిలోమీటర్లు. దారి పొడవునా ఆవిరి, ఇంకుడు, దొంగతనం అనే మూడు పన్నులు చెల్లించుకొంటూ వస్తుంది. మద్రాసు నగరానికి కృష్ణ నీరు తెలుగుగంగ ద్వారా తమిళనాడు సరిహద్దుకు చేరినదీ 1996లోనే.

కాలువ నీరు వచ్చినది. ఆ తరువాత జరిగినది మాత్రం ఎవరూ ఊహించనిది. 1990 దశకం చివరినుండి పాత నగరంలోని నేలమాళిగలలో నీరు ఊరసాగినది. సోజతీ గేటు పరిసరాలలోని దుకాణాలవారు సరుకును పైఅంతస్తులకు చేరవేసి, పంపులు పెట్టి పగలూ రాత్రీ నీరు తోడిపోయవలసి వచ్చినది. ఆ వీధులలో నడిచేవారికి వేసవిలో కూడ మోటారు రొద, మురుగుకాలువలోనికి దూకే తేట నీటి చప్పుడు వినిపించేవి. ఐదు శతాబ్దాలుగా నీటికై అలమటించిన నగరం నీటినుండి తన పునాదులను కాపాడుకోవలసి వచ్చినది. చిడియానాథుడు ఇటువంటి శాపం పెట్టలేదు.

కారణం తెలుసుకోవడానికి అనేక సంస్థల శాస్త్రజ్ఞులు వచ్చారు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థవారు కూడ పరిశీలించారు. సాంకేతిక వివాదాలను ప్రక్కన పెడితే విషయం సామాన్యుడికి అర్థమయ్యేదే. కాలువ నీరు రాకపూర్వం నగరపు బావులనుండి, మెట్లబావులనుండి నిత్యం నీరు తోడుకొనేవారు. కుళాయి రాగానే తోడడం మానివేశారు. మరొకవంక, నగరానికి ఎగువనున్న కాయలానా, తఖ్త్‌సాగర్ జలాశయాలు మునుపు వేసవిలో ఎండేవి. ఇప్పుడవి కాలువ నీటితో సంవత్సరం పొడవునా నిండి, రాతి పగుళ్లగుండా క్రిందికి ఊటలు విడుస్తున్నవి. దీనికి తోడు చిల్లులుపడిన పాత గొట్టాలు, కప్పులేని మురుగు. ఇన్ని దారులలో దిగిన నీటిని తీసేవారు లేకపోయారు. పంజాబునుండి అంత దూరం తెచ్చి, ఎనిమిది పర్యాయాలు కరెంటు ఖర్చుపెట్టి ఎత్తిన నీటిలో కొంతభాగం నేలలో ఇంకి, మరల కరెంటు ఖర్చుతోనే మురుగుకాలువ పాలయినది.

నగరపు పొలిమేర దాటి ముప్పది, నలుబది కిలోమీటర్లు వెళితే ఇందుకు పూర్తిగా విరుద్ధమైన కథ. ఒసియాఁ, బిలాడా ప్రాంతాలలో రైతులు గొట్టపు బావులను ఏటేటా మరింత లోతుకు దింపుతున్నారు. భూగర్భజల శాఖ లెక్కలలో అవి ‘మితిమీరి తోడిన’ ప్రాంతాలు. నగరం క్రింద ఊబి, పొలం క్రింద శూన్యం. రెండింటికీ ఒకే జిల్లా, ఒకే కలెక్టరు.

జోధ్‌పూర్‌కు రాజకీయ పలుకుబడి తక్కువేమీ కాదు. ఈ నగరంనుండి ఐదు పర్యాయాలు లోక్‌సభకు ఎన్నికైన అశోక్ గెహ్లోత్ మూడు పర్యాయాలు ముఖ్యమంత్రి అయ్యారు. 2014నుండి ఈ స్థానానికి ప్రాతినిధ్యం వహిస్తున్న గజేంద్రసింగ్ శెఖావత్ 2019నుండి 2024వరకు కేంద్ర జలశక్తి మంత్రి. అంటే కొన్నేళ్లపాటు రాష్ట్ర ముఖ్యమంత్రీ, దేశపు నీటి మంత్రీ ఇద్దరూ ఒకే ఎడారి నగరంవారు, పరస్పరం విరుద్ధ పక్షాలవారు. నీటి పథకాల జాప్యానికి మీరు కారణమంటే మీరు కారణమని జైపూరునుండి, ఢిల్లీనుండి ప్రకటనలు వెలువడుతూ ఉండేవి. 2019లో రాష్ట్ర ప్రభుత్వం పట్టణాలలో నెలకు 15 వేల లీటర్లవరకు మీటరున్న ఇళ్లకు నీటి రుసుము మాఫీ చేసినది. ఎన్నికల ముందు ఆ ఔదార్యాన్ని విమర్శించే ధైర్యం ప్రతిపక్షానికీ లేకపోయినది. ఏడు వందల కిలోమీటర్లు నడిచివచ్చిన నీరు ఉచితమని చెబితే, కుళాయి కట్టే ఓపిక ఎవరికుంటుంది?

అసలు చిక్కు హరికే దగ్గర ఉన్నది. 1955 జనవరిలో కుదిరిన అంతర్రాష్ట్ర ఒడంబడికలో రావి, బియాస్ మిగులు జలాలలో 80 లక్షల ఎకరపుటడుగులు రాజస్థాన్‌కు కేటాయించబడినవి. అప్పటికి ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వంలో పాకిస్థాన్‌తో చర్చలు నడుస్తున్నవి. తూర్పు నదుల నీటిని వినియోగించుకొనే పథకాలు మనకున్నవని చూపించవలసిన అగత్యం ఆనాటి ఢిల్లీకి ఉన్నదనీ, ఎడారి కాలువ ఆ వాదానికి బలమైనదనీ పరిశీలకులు చెబుతారు. 1960 సెప్టెంబరు 19న కరాచీలో సింధు జలాల ఒప్పందంపై నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేశారు. రావి, బియాస్, సట్లెజ్ మనవైనవి. 1981 డిసెంబరులో ఇందిరాగాంధీ సమక్షంలో కుదిరిన ఒప్పందం రాజస్థాన్ వాటాను 86 లక్షల ఎకరపుటడుగులకు పెంచినది.

పంజాబు వాదన వేరు. రావి, బియాస్, సట్లెజ్ నదులలో ఏదీ రాజస్థాన్‌లో ప్రవహించదు. పరీవాహక రాష్ట్రం కానివారికి హక్కేమిటని వారు అడుగుతారు. 1985లో రాజీవ్-లోంగోవాల్ ఒడంబడిక ప్రకారం ఏర్పడిన ఎరాడీ ట్రిబ్యునల్ 1987లో నివేదిక ఇచ్చినది. దానిపై వివరణలు కోరబడినవి. ఆ వ్యవహారం నేటికీ తుదిరూపు దాల్చలేదు. 2004లో పంజాబు శాసనసభ నీటి ఒప్పందాలన్నిటిని రద్దుచేస్తూ చట్టం చేసినది. రాష్ట్రపతి అభిప్రాయం కోరగా, అది రాజ్యాంగ సమ్మతం కాదని సుప్రీంకోర్టు 2016 నవంబరులో చెప్పినది. అదే నెలలో పంజాబు శాసనసభ, బయటి రాష్ట్రాలకు పోయే నీటికి రుసుము వసూలు చేయాలని తీర్మానించినది. 2025 ఏప్రిల్‌లో పహల్‌గామ్ ఘాతుకం తరువాత సింధు ఒప్పందం అమలును నిలిపివేస్తున్నట్లు భారత ప్రభుత్వం ప్రకటించినపుడు, రాజస్థాన్ రాజకీయులు పశ్చిమ నదుల నీరు రేపే ఎడారికి వచ్చునన్నట్లు మాట్లాడారు. చీనాబ్‌నుండి థార్‌కు నీరు తేవాలంటే సొరంగాలు, కాలువలు, సంవత్సరాలు కావాలి. హరికే తగాదా ఉండనే ఉన్నది.

తగాదా రాష్ట్రాల మధ్యనే ఆగలేదు. 2004 అక్టోబరులో కాలువ మొదటి దశ ప్రాంతమైన ఘడ్‌సానా, రావ్లాలలో సేద్యపు నీటికై రైతులు ఆందోళనకు దిగారు. పోలీసు కాల్పులలో ప్రాణనష్టం జరిగినది. ఎగువ రైతుకు ఇచ్చే నీరు దిగువకు చేరదు, నగరాలకు కేటాయించే నీరు పొలాలకు చేరదు. కూడికలు, తీసివేతలు రానివారు ఈ కాలువ దగ్గర ఎవరూ లేరు.

నీటి పరిమాణం ఒక్కటే కాదు, దాని గుణమూ ప్రశ్నార్థకమే. లుధియానా పారిశ్రామిక మురుగు బుడ్ఢా నాలా ద్వారా సట్లెజ్‌లో కలుస్తుంది. 2018 మే నెలలో పంజాబులోని ఒక చక్కెర మిల్లునుండి మొలాసెస్ బియాస్‌లో కలిసి చేపలు గుట్టలుగా చచ్చితేలినపుడు, కొన్నాళ్లకు రాజస్థాన్ కాలువలలో నీరు రంగు మారి వచ్చినది. ఎడారి జిల్లాలలో ఆ వారం తాగునీటి సరఫరా అధికారులకు నిద్రలేదు.

జోధ్‌పూర్‌లో నహర్‌బందీ రోజులు ఇట్లా గడుస్తవి. కాలువ ఆగేలోపల కాయలానా, తఖ్త్‌సాగర్ నింపుకొంటారు. ఆపైన సరఫరాకు విరామ దినాలు ప్రకటిస్తారు. ట్యాంకరు ధర పెరుగుతుంది. 2022 ఏప్రిల్‌లో మరమ్మతులు సాగుతూ ఉండగా పంజాబులో సర్‌హింద్ పోషక కాలువ గట్టు తెగి, గడువు పొడిగించవలసి వచ్చినది. అనుకొన్న దినాలకు సరిపడా దాచుకొన్న నీరు అంతకుమించి ఎన్నాళ్లు సరిపోతుందో అధికారులు గంటగంటకు లెక్కవేసుకొన్నారు.

అదే ఏప్రిల్‌లో జోధ్‌పూర్‌నుండి డెబ్బది కిలోమీటర్ల దూరంలోని పాలీకి నీళ్ల రైళ్లు నడిచినవి. జవాయి ఆనకట్ట అడుగంటినది. ఒకనాడు ఏ పాలీ ప్రాంతపు నీటితో జోధ్‌పూర్ పెరిగినదో, ఆ పాలీకి జోధ్‌పూర్ తన అరువు నీటిలోనుండి బాడుగ వ్యాగన్లలో బదులు తీర్చినది.

నగరం వాడి విడిచిన నీరు ఎక్కడికి పోతున్నదన్నది ఇంకొక సంగతి. అది అద్దకపు కర్మాగారాల రంగునీటితో కలిసి జోజరీ నదిలో పడుతుంది. జోజరీ పేరుకు నది. వానాకాలం వెళితే ఎండిపోయే వాగు. ఇప్పుడది ఏడాది పొడవునా పారుతున్నది, నల్లగా. దిగువన డోలీ, అరాబా వంటి గ్రామాలలో ఆ నీరు పొలాలమీద నిలిచిపోయి పంటభూమి పనికిరాకుండా పోయినది. ఎడారిలో వరద బాధితులు! 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ కాలుష్యాన్ని తనంతతానుగా విచారణకు చేపట్టినది. రాష్ట్ర ప్రభుత్వపు న్యాయవాదులు శుద్ధి కేంద్రాల సామర్థ్యం గురించి, కొత్త ప్రణాళికల గురించి అఫిడవిట్లు సిద్ధం చేసుకొన్నారు. అరాబా రైతులు ఢిల్లీకి రాలేదు. వారి పొలాల ఛాయాచిత్రాలు మాత్రం వచ్చినవి.